అత్తగారు కరిగే నీళ్ళు

రోజూ పదిన్నరకి అత్తగారి స్నానం. కోడలు ముందు నీళ్ళుపోయే కన్నం బిరడా చూస్తుంది, తరవాత నీళ్ళ వేడి చూస్తుంది, ఆ తరవాత అత్తగారి మొహం చూస్తుంది. మూడూ బాగుంటేనే షవర్ తిప్పుతుంది.

"ఎంతసేపు పోస్తావే? నన్ను పూర్తిగా కరిగించేద్దామనా?"

"అవునత్తయ్యా. కరిగించి సీసాలో పట్టి అటకమీద పెడతాను. కావాల్సినప్పుడు చెంచాడు తీసి వాడుకోవచ్చు."

"చెంచాడు చాలు, నీ నోరు మూయించడానికి. బొమ్మజెముడూ!"

అత్తగారు నీళ్ళలో కరుగుతుంది. పుట్టింటివైపు నుంచి వచ్చింది ఆవిడకి. వాళ్ళమ్మా అంతే, పెద్దక్కా అంతే. కొందరికి పిల్లికళ్ళు వస్తాయి, కొందరికి ఎత్తుపళ్ళు వస్తాయి, ఈవిడకి ఇది వచ్చింది. ఒంటిమీంచి జారిన నీళ్ళు పాలచుక్క కలిసినట్టు తెల్లబడతాయి. బిరడా బిగించేది అందుకే. స్నానమయ్యాక స్టూలుమీద కూర్చుని, ఆ నీళ్ళలోనే పాదాలు పెట్టుకుని అరగంట ఉంటే కరిగినదంతా అరికాళ్ళగుండా మళ్ళీ ఎక్కేస్తుంది. నీళ్ళు తేటపడ్డాక బిరడా తీస్తారు. పోనీ స్నానమే మానేస్తే? నాలుగోరోజుకి ఎండలో మరిచిపోయిన తువ్వాలులా బిర్రబిగిసిపోతుంది. మోచెయ్యి వంచితే చిటపటలాడుతుంది. కాబట్టి కరగాలి, ఎక్కాలి. డెబ్భైరెండేళ్ళుగా ఏ గొడవా లేకుండా నడిచింది.

గొడవ కొడుకుతో మొదలైంది.

కొడుకు బస్సు డ్రైవరు. నడిపేది బస్సు కాబట్టి తొందర అనుకుంటే పొరపాటు. తొందర వల్లే బస్సు నడుపుతున్నాడు. ఏడోనెలలోనే పుట్టేసి, మంత్రసాని వచ్చేసరికి "అయిపోయింది" అన్నట్టు చూశాడట. తల్లి అతన్ని పేరుపెట్టి పిలిచిందే లేదు. "ఒరేయ్ తొందరా" అనేది, అంతే.

అమ్మకి మోకాళ్ళు పట్టేసి, పాత తొట్టి గట్టు దాటి కాలు లోపల పెట్టలేకపోతోందని షవర్ ట్రే కొనుక్కొచ్చాడు. అంచులున్న పెద్ద పళ్ళెంలాంటిది, తెల్లగా, నున్నగా, మూలలో నేలకి ఆనించి పెట్టేది. గట్టు అరజానెడు కూడా లేదు. అమ్మ సుఖంగా అడుగుపెడుతుంది. ఆలోచన బంగారం. పని మాత్రం అతనే చేశాడు.

ట్రేతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. కోడలు దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివింది.

"ఏవండీ, ట్రే పెట్టేముందు నేలకీ గోడలకీ వాటర్‌ప్రూఫ్ పూత పుయ్యాలట. రెండుసార్లు. మధ్యలో ఆరనివ్వాలట."

"ట్రే ఉండగా నేలకి పూతెందుకే? గొడుగు పట్టుకుని రెయిన్‌కోటు కూడా తొడుక్కున్నట్టు!"

"తరవాత నీళ్ళు నింపి ఇరవైనాలుగ్గంటలు చూడాలట."

"ఇరవైనాలుగ్గంటలు నీళ్ళని చూస్తూ నిలబడ్డానికి నేనేమన్నా కొంగనా?"

వట్టి నేలమీద ఐదు చోట్ల సిమెంటు ముద్దలు పెట్టాడు, వాటిమీద ట్రే కూర్చోబెట్టాడు. అంచు కదలకుండా గోడలోకి ఎనిమిది స్క్రూలు బిగించాడు. చుట్టూ సిలికాన్ గీత గీశాడు. శనివారం పొద్దున తొట్టి ఊడబీకినవాడు ఆదివారం సాయంత్రానికి చేతులు దులుపుకుని, "అయిపోయింది!" అన్నాడు.

చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అదే కదా వచ్చిన చిక్కు.

మూడోవారంలో కోడలు గమనించింది. అరగంట కాకుండానే స్టూలు కాళ్ళకున్న నల్ల రబ్బరు తొడుగులు పైకి కనిపిస్తున్నాయి.

"ఏవండీ, నీళ్ళు తగ్గుతున్నాయి."

"అమ్మ పీల్చుకుంటోంది కదే. తగ్గవూ?"

ఈ ఇంట్లో తప్ప ఇంకే ఇంట్లోనైనా ఆ జవాబు చెల్లేది కాదు. ఈ ఇంట్లో చెల్లింది. పైగా తెలివైన జవాబులా వినిపించింది. కింద అంతస్తు నుంచి ఎవరైనా కారుతోందని వచ్చి పోట్లాడినా బాగుండేది. ఎవరూ రాలేదు.

అత్తగారు నలభై ఏళ్ళు బట్టలు కుట్టింది. మిషను ఎంత బాగా తొక్కినా కాజాలు మాత్రం చేత్తోనే. ఆవిడ కాజా చూస్తే బొత్తాం తనంతట తనే వచ్చి దూరుతుందని పేరు. అలాంటిది ఒకరోజు సూదిలో దారం ఎక్కించి, చొక్కా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మాయ్, ఈ గుడ్డ ఇక్కడెందుకు చీల్చారు?"

కాజా చోటు అది. కోడలు భయపడింది. అంతకంటే భయపడింది ఆ పిలుపుకి. అమ్మాయ్! పన్నెండేళ్ళుగా 'బొమ్మజెముడు' అనొద్దని గొడవపడిన మనిషి, ఆ మాట వినడంకోసం ఇప్పుడు నానా తంటాలూ పడింది. అన్నానికి పిలిస్తే విననట్టు కూర్చుంది. మిషనుమీద తడిబట్ట ఆరేసింది. చివరికి వెళ్ళి, "అత్తయ్యా, మీ పూలకప్పు పగలగొట్టేశాను," అంది.

"పోనీలే అమ్మాయ్. చేతికేం తగల్లేదు కదా?"

పగలని కప్పుని గుండెకి పట్టుకుని కోడలు వంటింట్లో కాసేపు ఏడ్చింది.

డాక్టరు వయసన్నాడు. అందరికీ చెప్పినట్టే చెప్పాడు. ఆ మాటకొస్తే వయసు అత్తగారొక్కరికే రాలేదు. కానీ మిగతావాళ్ళెవరూ రోజుకింత చొప్పున తగ్గిపోవడంలేదు. తూకంలో కూడా తగ్గింది. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

ఆ శుక్రవారం కొడుకు డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. అత్తగారు కుర్చీలోంచి లేచి, చెంగు సర్దుకుని, మర్యాదగా అడిగింది.

"ఎవరు కావాలండీ?"

ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో.

"ఇల్లు పొరపాటు పడ్డట్టున్నారు," అని తలుపు దగ్గరికి వేసింది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే కోడలు తడితలతోనే మందులకోసం మెట్లు దిగుతోంది. కింద అంతస్తు గడియారాలాయన ఎదురొచ్చాడు. గడియారాలు బాగుచేస్తాడు, అరవైఎనిమిదేళ్ళు, పెళ్ళిలేదు, పిల్లల్లేరు. పన్నెండేళ్ళలో 'బాగున్నారా' తప్ప రెండోమాట మాట్లాడి ఎరగడు. అలాంటివాడు ఆగి, నడుముమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమే బొమ్మజెముడూ! తల తుడుచుకోకుండా ఎక్కడికే? జలుబు చేస్తే నీకెవరు చేస్తారనుకున్నావ్?"

అనేసి, నోటిమీద చెయ్యి వేసుకున్నాడు. మొహం కందగడ్డయింది.

కోడలు అతని చొక్కా చూసింది. ఆరు కాజాలూ కొత్తవి. చేత్తో కుట్టినవి. బొత్తాలు వాటంతటవే దూరినట్టున్నాయి.

"బాబాయిగారూ, మీ ఇల్లోసారి చూడాలి."

పని బల్లకి సరిగ్గా పైన, తెల్లటి పైకప్పుమీద, చాపంత తడిమచ్చ ఉంది. దాని మధ్యలోంచి చుక్క ఊరుతోంది. పాలరంగు చుక్క. బల్లని దానికిందకి జరుపుకున్నట్టు నేలమీద గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. చుక్క రాలింది. ఆయన బట్టతలమీద పడేదే, ఇప్పుడు ఖాళీ కుర్చీలో పడింది.

"ఒకమాట చెప్పి ఉండొచ్చు కదండీ!"

ఆయన నేలచూపులు చూశాడు. "చెబితే మీరు బాగుచేయిస్తారు కదమ్మా."

"మరి?"

"ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో మాట్లాడిందల్లా గడియారాలే. మొదటి చుక్క పడ్డరోజు నాకు ఎవరిమీదో కోపం వచ్చింది. అన్నం చల్లారిపోతోంది, రాలేదని. ఎవరు రావాలో తెలీదు, కానీ చూశాను. రాత్రిదాకా తలుపు వైపు చూశాను. ఒకరికోసం చూడ్డం అంత బాగుంటుందని నాకు తెలీదమ్మా."

కోడలికి తిట్టాలనే ఉంది. తిట్లన్నీ అత్తగారి దగ్గర నేర్చుకున్నవే. ఆ అత్తగారు సగం ఈయనలో ఉంది. ఎలా తిడుతుంది?

సోమవారం పిన్ని వచ్చింది. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. వాటర్‌ప్రూఫింగ్ పనిలో ముప్ఫై ఏళ్ళు. చంకలో ఎప్పుడూ రసమట్టం కర్ర ఉంటుంది, దానిలోని గాలిబుడగ మధ్యకి వచ్చేదాకా ఎవరి మాటా వినదు. ట్రే ఎత్తించింది. అడుగున చూసి, కొడుకుని పిలిచింది.

"ఇదెవరి పని నాయనా?"

"నాదేనండీ."

"బస్సు బాగా నడుపుతావా?"

"నడుపుతానండీ."

"అదే నడుపు." వేలుతో చూపించింది. "ఐదు ముద్దలమీద నిలబెట్టావు. ముద్దకీ ముద్దకీ మధ్య బోలు. అమ్మ స్టూలుమీద కూర్చున్నప్పుడల్లా ట్రే వంగింది, వంగి వంగి ఇదిగో, నీళ్ళుపోయే కన్నం దగ్గర వెంట్రుకంత చీలింది. అంచుకి ఎనిమిది స్క్రూలు కొట్టావు, అంటే నీళ్ళకి ఎనిమిది దారులు చూపించావు. పోనీ, ట్రే చీలిందే అనుకో. కింద నేల పట్టుకోవాలి కదా? నేలకి ఏం పూశావు?"

కొడుకు వట్టి నేలవైపు చూశాడు. కోడలికి గొడుగూ రెయిన్‌కోటూ గుర్తొచ్చాయి. పాపం అనిపించింది.

"ట్రే నీళ్ళు ఆపడానికి కాదు నాయనా, పంపించడానికి. ఆపేది కింద మనం పూసేది. కనబడదు. కనబడని పని దగ్గరే మనిషి సంగతి తెలిసేది."

పిన్ని తొందరపడలేదు. నేలని కన్నం వైపు వాలుగా దిద్దింది. మూలల్లో, కన్నం చుట్టూ పూతలో తడిపిన వలగుడ్డ అంటించింది. నేలంతా, గోడమీద షవర్ తలకంటే ఎత్తుదాకా, ఒకరోజు నిలువుగా, ఆరాక మర్నాడు అడ్డంగా పూసింది. గుమ్మానికి చిన్న గట్టుకట్టి, కన్నం మూసి, వట్టి నేలమీద నీళ్ళు నింపి ఒక రోజంతా వదిలేసింది. చుక్క తగ్గలేదు. అప్పుడు నేలంతా ఒకే పరుపులా సిమెంటు పరిచి దానిమీద ట్రే వేసింది. గోడ పూత ట్రే అంచుమీదకి జాలువారేట్టు దింపింది. ఒక్క స్క్రూ లేదు. కొడుకు సెలవుపెట్టి బకెట్లు మోశాడు. "అయిందా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగబోయి రెండుసార్లు దగ్గాడు, అంతే.

ఈ తొమ్మిదిరోజులూ అత్తగారికి తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే. చేతులు కర్రల్లా బిగిశాయి.

"రేపు ట్రే నింపి మళ్ళీ టెస్టు," అంది పిన్ని. "ఎలాగూ రోజంతా నీళ్ళు నిలవుంటాయి. కింద ఆయన్ని కూడా పిలవండి. నీళ్ళతో వచ్చింది నీళ్ళతోనే పోతుంది. కాళ్ళు పెట్టిస్తే చాలు."

పది గంటలకి నీళ్ళు నింపి, పిన్ని గోడమీద పెన్సిల్ గీత గీసింది. ట్రేకి ఈ పక్క అత్తగారు, ఆ పక్క గడియారాలాయన, ఇద్దరూ స్టూళ్ళమీద. ఆయన కుడికాలు నీళ్ళలో పెట్టాడు. ఎడమకాలికి సాక్సు అలాగే ఉంచుకుని, ఒడ్డున పెట్టుకున్నాడు.

"ఆ కాలేం పాపం చేసిందండీ?" అడిగింది అత్తగారు.

"దెబ్బ తగిలిందమ్మా. తడపకూడదన్నారు."

ఆ దెబ్బ తగిలిన కాలితోనే ఆయన రెండేసి మెట్లు ఎక్కి రావడం కోడలు చూసింది. ఏదో అనబోయింది. భర్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

నీళ్ళు తెల్లబడ్డాయి. కాసేపటికి అత్తగారి చేతివేళ్ళు మెత్తబడ్డాయి. చూపుడువేలు, బొటనవేలు ఒకదానికొకటి రాసుకుంటూ లేని సూదిని తిప్పాయి. ఆయన చొక్కావైపు చూసి ముక్కు విరిచింది.

"మూడో కాజా వంకర. ఎవరు కుట్టారు?"

"మీరేనండీ," అన్నాడాయన వినయంగా.

"అయితే గుడ్డ వంకర." తలతిప్పింది. "ఏమే బొమ్మజెముడూ, గుడ్లప్పగించి చూస్తావేం? నా పూలకప్పు నిజంగానే పగలగొట్టావా?"

కోడలు పరిగెత్తుకెళ్ళి కప్పు తెచ్చి చూపించింది. అత్తగారు దాన్ని తిప్పి తిప్పి చూసింది. తరవాత కోడలి వెనక నిలబడ్డవాణ్ణి చూసింది.

"ఈ బాబు పిన్నిగారి మనిషా? బకెట్లు బాగా మోస్తున్నాడు."

గడియారాలాయన ఎడమకాలు స్టూలు కిందకి లాక్కున్నాడు.

మర్నాడు పదిగంటలకి నీళ్ళు గీతకంటే నూలుపోగంత పైకే ఉన్నాయి. పిన్ని తన పుస్తకంలో 'పెరిగింది. పాస్' అని రాసుకుని, రసమట్టం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆయనదేదో కొంచెం అదనంగా కలిసినట్టుంది. అప్పట్నుంచీ అత్తగారు గోడగడియారం చప్పుడు విని, "దాని రెండో చక్రం అరిగింది," అనడం మొదలుపెట్టింది.

కొడుకు ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. ఎడమకాలి సాక్సులో ఉన్నాడు.

గొడవపడొచ్చు. కోడలు పడదామనే అంది. అతను మాత్రం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా కింద అంతస్తు తలుపు కొట్టాడు.

"ఒరేయ్ తొందరా! ఇప్పుడా రావడం? అన్నం చల్లారిపోయింది," అన్నాడు గడియారాలాయన.

తరవాత రోజూ వెళ్ళాడు. పైన తల్లి "వచ్చారా, కూర్చోండి" అనేది. కింద ఆయన "బూట్లు బయట విప్పరా వెధవా" అనేవాడు. రెంటికీ మధ్య ఇరవైరెండు మెట్లు. ఆ మెట్లమీద అతను ఒక్కోసారి చాలాసేపు కూర్చునేవాడు. ప్రయాణికులు ఇప్పుడు అతని బస్సు ఆలస్యమవుతోందని సణుగుతున్నారు.

"అడగలేకపోయారా?" అనేది కోడలు.

"ఆయనే ఇస్తాడులే. వచ్చే ఆదివారం అన్నాడు." ప్రతి ఆదివారం ఆయన వచ్చే ఆదివారమే అనేవాడు. ఇరవైనాలుగ్గంటలు ఆగలేనివాడు ఏడు ఆదివారాలు ఆగాడు.

ఏడో ఆదివారం ఆయన గడియారం విప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నీకు ఏడేళ్ళప్పుడు కిటికీ కర్టెన్ కత్తిరించి భుజాలకి రెక్కలు కట్టుకున్నావు. గుర్తుందా? అల్మారా ఎక్కి దూకావు."

"గుర్తులేకేం. అమ్మ వీపు విమానం మోత మోగించింది."

"కొట్టాను. కొట్టి, నువ్వు నిద్రపోయాక ఆ రెక్కలకి అంచులు కుట్టాను. భుజాల దగ్గర కాజాలు తీశాను, మళ్ళీ జారిపోకుండా. మర్నాడు ఇద్దామనుకున్నాను. ఇస్తే మళ్ళీ దూకుతావని భయమేసింది. మిషను కింది సొరుగులో, అడుగున ఉంటాయి."

కొడుకు మెట్లన్నీ ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. సొరుగు లాగాడు. పాత కాగితాల కింద పసుపు పూల కర్టెన్ ముక్కలు రెండు, అంచులు కుట్టి, భుజానికి రెండేసి కాజాలతో, బుల్లి తెల్లబొత్తాలతో.

తల్లి చేతుల్లో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాజాలమీద గోరు నడిపించింది.

"పని నాదే. ఇంత దగ్గరగా నేనే కుడతాను." రెక్కని ఎత్తి వెలుతురుకి పట్టింది. "చిన్నపిల్లాడి రెక్కలు. ఎవరికోసం కుట్టానో గుర్తు రావట్లేదండీ. వాడెవడో అప్పుడే పెద్దవాడైపోయి ఉంటాడు, తీసుకెళ్ళలేదు."

గుమ్మంలో గడియారాలాయన నిలబడి ఉన్నాడు, ఆయాసపడుతూ. ఆవిడ మొహం చూశాడు, అతని మొహం చూశాడు. గోడ పట్టుకుని వంగి, ఎడమకాలి సాక్సు విప్పాడు.

"అమ్మా, ఆ ట్రేకి బిరడా పెట్టు," అన్నాడు కోడలితో.

"బాబాయిగారూ, తొందరేం లేదు," అన్నాడు కొడుకు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"నాకుంది," అన్నాడాయన. "ఇంకో ఆదివారం ఆగితే ఇవ్వలేను."

మళ్ళీ రెండు స్టూళ్ళు. ఈసారి అరగంట కూడా పట్టలేదు. నీళ్ళు తెల్లబడి, తేటపడుతుండగా అత్తగారు ఒళ్ళోని రెక్కల్ని చూసి ఉలిక్కిపడింది. గబుక్కున చెంగు కప్పింది.

"ఒరేయ్ తొందరా! నా సొరుగు ఎవరు తియ్యమన్నార్రా నిన్ను? పెట్టిన చోట పెట్టు! అలా నిలబడి ఏడుస్తావేం, గాడిదలా పెరిగి?"

అంతకుమించి ఏమీ అనలేదు ఆవిడ. ఎప్పుడూ అనేది కాదు. కానీ చెంగు కింద చెయ్యి రెక్కల్ని నిమురుతూనే ఉంది.

గడియారాలాయన పాదం తుడుచుకుని సాక్సు తొడుక్కున్నాడు. లేచి నిలబడి, తలుపు దగ్గరున్న మనిషిని దారి ఇమ్మన్నట్టు కొంచెం వంగాడు. మెట్లదాకా వెళ్ళాక కోడలిని మెల్లగా అడిగాడు.

"ఆ ఏడుస్తున్న బాబు ఎవరమ్మా?"

నెల్లాళ్ళకి కింద ఇంటి పైకప్పుమీది మచ్చ ఆరిపోయింది. కొడుకే వెళ్ళి సున్నం వేశాడు, రెండుసార్లు, మధ్యలో ఆరనిచ్చి. ఆయన మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి తలుపేసుకున్నాడు. బల్లని పాతచోటికి జరిపేసుకున్నాడు. సాయంత్రాలు మళ్ళీ గడియారాలే మాట్లాడుతున్నాయి.

ఒక గురువారం డ్యూటీ దిగి కొడుకు పైకి వెళ్ళకుండా ఆగాడు. తలుపు కొట్టాడు.

"ఎవరు?"

"నేనండీ. మీ పైకప్పులోంచి కారినవాణ్ణి."

లోపల గడియారాలు కాసేపు కొట్టుకున్నాయి. గడియ తీసిన చప్పుడు. ఆయన అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూశాడు, బాగుచేయడానికి తెచ్చిన వస్తువుని చూసినట్టు. ఎవరో తెలియలేదు. అయినా పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"రండి. తల తుడుచుకున్నారా?"

అడిగేసి, అలా ఎందుకు అడిగాడో అర్థంకాక పైకప్పు వైపు చూశాడు. అక్కడేమీ లేదు, తెల్లగా ఉంది.

"తుడుచుకున్నానండీ," అన్నాడు కొడుకు, పొడి తలని చేత్తో తడుముకుంటూ. బూట్లు బయటే విప్పి లోపలికి వెళ్ళాడు.